ఇష్టమైన ప్రాజెక్టు ఎంచుకోమంటే అందరూ చంద్రయాన్, అగ్నిపర్వతమే తెస్తున్నారు, ఏం చేయాలి?

చాక్‌పీసు:
తెలంగాణలో జిల్లా పరిషత్ హైస్కూలు, 8వ తరగతి, 42 మంది. ఎఫ్‌ఏలో (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో వేసే మార్కులు) 20 మార్కులకు 5 ప్రాజెక్టు పనివి. ఈసారి టాపిక్ ఇవ్వకుండా "మీకిష్టమైంది చేయండి" అన్నాను. 9 చంద్రయాన్‌లు, 6 థర్మాకోల్ అగ్నిపర్వతాలు వచ్చాయి, మిగతావన్నీ నెట్ సెంటర్ ప్రింట్లు. పిల్లల అసలు ఇష్టం బయటికి రావాలంటే ఎలా అడగాలి?

లెక్కల పంతులు:
"నీకేం ఇష్టం" అని అడిగితే టీచరుకు నచ్చే జవాబే వస్తుంది, చంద్రయాన్ అందుకే. ఇష్టం అడక్కండి, బడి అయ్యాక ఏం చేస్తున్నారో రాయించండి. ఐదు రోజులు, రోజుకు మూడు లైన్లు: ఏం చేశాను, దేంట్లో చిరాకొచ్చింది, ఎవర్ని ఏం అడిగాను. ఆ చిరాకు లైన్లోనే ప్రాజెక్టు దొరుకుతుంది.

తర్వాత దాన్ని ప్రశ్నగా మార్చాలి. "క్రికెట్" టాపిక్ కాదు. "టెన్నిస్ బంతికి టేపు చుడితే ఎగరడం తగ్గుతుందా?" అనేది టాపిక్. గోడకు కొలత టేపు అంటించి, మీటరు ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద వదలాలి. బంతికి టేపు చుట్టకుండా, ఒక వరస చుట్టి, రెండు వరసలు చుట్టి, ఒక్కోదానికి 5 సార్లు. పిల్లలు రెండు చోట్ల తప్పు చేస్తారు. బంతిని వదలకుండా కిందికి తోస్తారు. నిలబడి పైనుంచి చూస్తారు కాబట్టి ఎగిరిన ఎత్తు అసలు కన్నా తక్కువగా కనిపిస్తుంది. ఫోన్‌ను అర మీటరు ఎత్తులో స్టూలు మీద పెట్టి స్లో మోషన్‌లో తీస్తే రెండూ దొరికిపోతాయి. ఇంకో ముచ్చట: టెన్నిస్ నియమాల ప్రకారం మామూలు రకం బంతిని 254 సెం.మీ. నుంచి కాంక్రీటు మీద వదిలితే 135–147 సెం.మీ. ఎగరాలి. కొట్టులో కొన్న బంతి ఆ లెక్కకు ఎంత దూరంలో ఉందో చూడమంటే వాళ్లే ఊరుకోరు.

వంటింటి సైన్సు:
పై మాటతో ఏకీభవిస్తాను కానీ క్రికెట్ దగ్గరే ఆగకండి. ఆ ఐదు రోజుల రాతలో చాలామంది ఆడపిల్లలు "పిండి రుబ్బాను, తమ్ముణ్ణి చూసుకున్నాను" అనే రాస్తారు. దాన్ని "ఏమీ లేదు" కింద కొట్టేయకండి. ఇడ్లీ పిండి ఉప్పు వేస్తే తొందరగా పొంగుతుందా, వేయకపోతేనా? మినప్పప్పు ఒకటికి ఇడ్లీ రవ్వ రెండు, ఒకే రుబ్బు. అంచులు నిటారుగా ఉన్న రెండు గ్లాసుల్లో సగానికి పోసి, మట్టం దగ్గర రబ్బరు బ్యాండు వేసి, గంటగంటకూ స్కేలుతో కొలవాలి. పైకి వెడల్పయ్యే గ్లాసు వాడితే పొంగు తక్కువగా కనిపిస్తుంది. రాత్రి మొదలుపెడితే అసలు ఘట్టం నిద్రలో అయిపోతుంది, ఆదివారం పొద్దున 6కు మొదలుపెట్టించండి.

చాక్‌పీసు:
బాగుంది. కానీ 42 మందికి 42 ప్రశ్నలా? పైగా "నాకేం ఇష్టం లేదు సార్" అనేవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు.

లెక్కల పంతులు:
ముగ్గురికొక జట్టు చొప్పున 14 జట్లు. 45 నిమిషాల పీరియడ్‌లో 7 జట్లతో తలా 5 నిమిషాలు మాట్లాడితే 35, రెండు పీరియడ్లలో అందరూ అయిపోతారు. ఆ ఐదు నిమిషాల్లో మూడే అడగండి: ఏది మారుస్తావు, దేన్ని కొలుస్తావు, 50 రూపాయల్లో అవుతుందా? కొలిచేదేంటో చెప్పలేకపోతే ఆ టాపిక్ ఇంకా పండలేదు. ప్రాజెక్టు మొదలెట్టిన నాలుగో రోజు లోపు టాపిక్ ఒకసారి మార్చుకోనివ్వండి, అయితే అప్పటిదాకా కొలిచింది చూపించాకే.

ఇష్టం లేదన్నవాళ్లను తవ్వకండి. వేరే జట్టులో స్కేలు, ఫోను చేతికివ్వండి. కొలిచేవాడికి రెండో రోజుకు అనుమానాలు మొదలవుతాయి.

వంటింటి సైన్సు:
మార్కుల సంగతి. 5లో 3 రోజువారీ నోటుబుక్కుకు, 1 "లెక్క ఎక్కడ తప్పింది" అన్న పేజీకి, 1 చెప్పడానికి. మోడల్‌కు సున్నా అని మొదటిరోజే బోర్డు మీద రాసేయండి, థర్మాకోల్ కొనడం అక్కడే ఆగుతుంది. ఇంకోటి, మధ్యలో దసరా సెలవులు పడకుండా చూసుకోండి. నోటుబుక్కులు అమ్మమ్మగారి ఊళ్లకు వెళ్లి అక్కడే ఉండిపోతాయి.