జేమ్స్ వెబ్ టెలిస్కోప్ డేటాకి 12 నెలల గడువు అవసరమా?

ధ్రువతార: జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్‌తో తీసిన డేటాలో చాలా భాగం, టెలిస్కోప్ సమయం కోసం ప్రపోజల్ రాసిన బృందానికి తప్ప ఇంకెవరికీ 12 నెలల దాకా దొరకదు. ఆ గడువు ఎత్తేయాలి. 1995 డిసెంబరులో హబుల్ టెలిస్కోప్ 10 రోజులు ఒకేచోట చూసి తీసిన డీప్ ఫీల్డ్ ఫొటోని అప్పుడే అందరికీ ఇచ్చేశారు. ఎవరు నష్టపోయారు?

నిశాచరి: అది టెలిస్కోప్ సంస్థ డైరెక్టర్ తన వాటా సమయంలో తీయించింది. పోటీలో గెలుచుకున్నది కాదు. అయినా ఆర్కైవ్ మీదే, అంటే అందరికీ తెరిచి పెట్టిన పాత డేటా మీదే పని చేసేవాళ్లలో చాలామందికి డేటా లోపాలు పట్టవు. లక్షల గెలాక్సీల వెలుగుని కొలిచిన స్లోన్ సర్వే మొదట్లో వాడిన ఫైబర్ (వెలుగుని పట్టి పరికరానికి పంపే సన్నని గాజు తీగ) ఆకాశంలో 3 ఆర్క్‌సెకన్లే, అంటే డిగ్రీలో 1200వ వంతే చూస్తుంది. దగ్గరి గెలాక్సీ అయితే నడిమి వెలుగే పడుతుంది. దాన్ని బట్టి గెలాక్సీ మొత్తంలో కొత్త నక్షత్రాలు పుట్టడం ఆగిపోయిందని రాసేస్తారు!

ధ్రువతార: గడువు గురించి అడిగితే ఫైబర్ గురించి చెప్తారేంటి? ఆ లోపం సర్వే వాళ్ల డాక్యుమెంట్లలోనే ఉంది, చదివాను.

పాలపుంత: 2007లో, మామూలు జనం గెలాక్సీ ఫొటోలు చూసి వర్గీకరించే గెలాక్సీ జూ వెబ్‌సైట్‌లో హానీ అనే డచ్ టీచర్, ఐసీ 2497 గెలాక్సీ పక్కన వింత మరకని గుర్తుపట్టింది. ఆ ఫొటో అప్పటికే అందరికీ అందుబాటులో ఉన్నదే.

నిశాచరి: మరకని గుర్తుపట్టడం వేరు, కొలవడం వేరు. ఫైబర్ సంగతికి జవాబు రాలేదు.

ధ్రువతార: వచ్చింది! రెడ్‌షిఫ్ట్ (గెలాక్సీ దూరం చెప్పే కొలత) తీసుకునే ముందు, ఆ కొలతలో తేడా ఉంటే హెచ్చరించే జెడ్‌వార్నింగ్ సున్నా ఉందో లేదో చూస్తాను. ప్రతి వింత గెలాక్సీ ఫొటో తెరిచి, పక్కనున్న నక్షత్రం వెలుగు కలిసిందేమో కళ్లతో చూస్తాను. మమ్మల్ని దొంగలన్నట్టు మాట్లాడకండి.

నిశాచరి: దొంగలని నేననలేదు. మూడుసార్లు తిప్పికొట్టాక నాలుగోసారి మా ప్రపోజల్ ఒప్పుకున్నారు. డేటాలో బ్యాక్‌గ్రౌండ్ (గెలాక్సీది కాని అదనపు వెలుగు) శుభ్రం చేయడానికే ఎనిమిది నెలలు పట్టింది. గడువు తీరిన ఆరో వారంలో అదే గెలాక్సీల మీద ఇంకొకరి పేపర్ వచ్చేసింది. మా ప్రోగ్రాం నంబరు (ఒప్పుకున్న ప్రపోజల్‌కి ఇచ్చే గుర్తు) కూడా వేయలేదు. నా విద్యార్థి థీసిస్ అధ్యాయం పోయింది.

ధ్రువతార: ఇది మొదటే చెప్పాల్సింది. అది అన్యాయమే. కానీ మీకు టెలిస్కోప్ సమయం అడిగే దారైనా ఉంది. నా వెనక బృందం లేదు, ఆర్కైవ్ ఒక్కటే ఉంది. డేటా ఫైలు మొదట్లో వివరాలుండే హెడర్ తెరిస్తే ప్రోగ్రాం నంబరు, ప్రధాన పరిశోధకుడి పేరు రెండూ కనిపిస్తాయి. అవి రాయని పేపర్‌ని జర్నల్ వెనక్కి పంపాలి. అప్పుడైనా గడువు తీసేయడానికి ఒప్పుకుంటారా?

నిశాచరి: ఆరు నెలలకి తగ్గిస్తే ఒప్పుకుంటాను. సున్నాకి ఒప్పుకోను. విద్యార్థికి ఆ సమయం కావాలి.