డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికితే ఒప్పేసుకోవడమా, లాయర్ని పెట్టుకోవడమా?

కంచరపాలెం_కిట్టు
మా బావమరిది శనివారం రాత్రి రుషికొండ నుంచి బండి మీద వస్తూ ఎండాడ దగ్గర తనిఖీలో దొరికాడు. ఊదమంటే ఊదాడు. రీడింగ్ 48. బండి ఉంచేసుకున్నారు, సూర్యాబాగ్ కోర్టుకి రమ్మన్నారు. ఇప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. మావయ్యగారు "ఒప్పేసుకుని పది వేలు కట్టేసి రా, నలుగురికీ తెలియకముందే అయిపోద్ది" అంటున్నారు. మా ఆవిడ లాయర్ని పెట్టాల్సిందేనంటోంది. వాడు మెడికల్ రెప్, బండి లేకపోతే ఉద్యోగం లేదు. మీరేమంటారు?

సాగర్‌నగర్_శ్రీను
ఇందులో లాయరు ఏటి వాదిస్తాడు గురూ? తాగాడు, నడిపాడు, మిషన్లో పడింది. ఆ డబ్బేదో కోర్టుకే కట్టేయడం నయం. మా ఫ్రెండు అలాగే చేశాడు, గంటలో బయటికొచ్చి టిఫిన్ చేశాడు. అసలు తెలివైనోడైతే ఊదేవోడే కాదు. ఊదకపోతే కేసేది?

నల్లకోటు_విశాఖ
శ్రీను గారూ, ఆ చివరి సలహా దయచేసి ఎవరికీ చెప్పకండి. ఊదనంటే, తాగాడని అనుమానించడానికి కారణముంటే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 203 కింద వారంట్ లేకుండానే అరెస్టు చెయ్యొచ్చు. సరైన కారణం లేకుండా ఊదలేదన్న సంగతిని సెక్షన్ 205 కింద కోర్టులో మీకే వ్యతిరేకంగా వాడొచ్చు.

కిట్టు గారూ, మీ మావయ్యగారు దీన్ని చలానా అనుకుంటున్నారు. హెల్మెట్ లేకపోతే చలానా, కట్టేస్తే అయిపోయింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 అలాంటిది కాదు. రోడ్డు మీదే డబ్బు కట్టించుకుని వదిలేసే నేరాల జాబితా సెక్షన్ 200లో ఉంటుంది, అందులో 185 లేదు. అందుకే కోర్టుకి రమ్మంటారు. అక్కడ "అవునండీ" అంటే క్రిమినల్ కేసులో శిక్ష పడినట్టే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. మళ్ళీ దొరికితే రెండేళ్ళ దాకా జైలు, లేదా 15,000, లేదా రెండూ. ఈ మొత్తాలు 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకొచ్చాయి, అంతకుముందు మొదటిసారి 2,000 దాకానే.

అసలు దెబ్బ జరిమానాలో లేదు. 185 కింద శిక్ష వేస్తే కనీసం ఆరు నెలలు లైసెన్సుకి అనర్హుణ్ణి చెయ్యాలని సెక్షన్ 20 కోర్టుకి చెబుతోంది. మెడికల్ రెప్‌కి ఆరు నెలలు బండి లేకపోవడమంటే ఏమిటో మీకే తెలియాలి. నేరం ఒప్పుకున్నాక అప్పీలు కూడా శిక్ష ఎక్కువైందనో, శిక్ష చట్టప్రకారం లేదనో వేసుకోవాలి తప్ప, నేరమే చెయ్యలేదని వేసుకోవడానికి ఉండదు.

సాగర్‌నగర్_శ్రీను
మరి మావోడి లైసెన్సు జోలికి ఎవరూ పోలేదే!

నల్లకోటు_విశాఖ
కోర్టు ఊరుకున్నా పోలీసులు ఆర్టీఏకి రాస్తే సెక్షన్ 19 కింద అక్కడ ఆపొచ్చు. మీ ఫ్రెండుది అదృష్టం. దాన్ని చూసి ఇంకొకరు ధైర్యం చెయ్యకూడదు.

క్యాజువాలిటీ_నైట్‌డ్యూటీ
ఇదంతా చదువుతుంటే ఒళ్ళు మండుతోంది. నేను నర్సుని. శనివారం రాత్రి పదకొండు దాటాక మా దగ్గరికి వచ్చేవాళ్ళని ఒక్కసారి చూడండి. హెల్మెట్ హ్యాండిల్‌కి తగిలించుకుని పడినవాళ్ళు ఉంటారు. ముఖంలో గుచ్చుకున్న కంకర రాళ్ళని నేను ఫోర్సెప్స్‌తో ఒక్కొక్కటీ తీస్తుంటే వాసన గుప్పున కొడుతుంది. వాళ్ళ పక్క మంచం మీద చుక్క ముట్టనివాడు కాలు విరిగి పడుంటాడు, నైట్ షిఫ్టు ముగించుకుని ఇంటికెళ్ళేవాడు. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ప్రైవేటు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. అది మొదలైంది తాగి బండి నడిపిన ఒక కుర్రాడు పడిపోవడంతోనే. లాయరు గారూ, మీరు వెతికేది సందు కాదూ?

నల్లకోటు_విశాఖ
సిస్టర్, మీ కోపంతో నాకు పేచీ లేదు. ప్రాణం పోయిన కేసు వేరు, దానికి సెక్షన్లూ వేరు. ముంబైలో 2006లో తాగి కారు నడిపి ఏడుగుర్ని చంపిన అలిస్టర్ పెరీరా కేసులో అది వట్టి నిర్లక్ష్యం కాదు, శిక్షార్హమైన నరహత్య అని 2012లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. అలాంటిచోట నేను సందు వెతకమనను.

కానీ మిషను చెప్పిందే వేదం అనుకోవడం కూడా కుదరదు. ఊదించే ముందు తెర మీద సున్నా చూపించాలి. ముందు ఊదినవాడి తాలూకు ఆల్కహాల్ లోపల మిగిలితే తర్వాతవాడి లెక్క పెరుగుతుంది. ఆ సున్నా పరీక్ష లేకుండా తీసిన రీడింగ్ చెల్లదని 2025లో కేరళ హైకోర్టు అంది. అంతకుముందే గుక్క వేసినా, మౌత్‌వాష్ పుక్కిలించినా నోట్లో మిగిలిన ఆల్కహాల్‌కే రీడింగ్ ఎగురుతుంది. పావుగంట ఆగి మళ్ళీ ఊదిస్తే తేలిపోతుంది. ఇక అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష చేయించాలి, లేకపోతే వదిలెయ్యాలని సెక్షన్ 202 అంటోంది. ఇవన్నీ చూసుకోవడాన్ని సందు అనకండి. పార్లమెంటు రాసిన పద్ధతే ఇది. 32 రీడింగ్‌తో మీ తమ్ముడే దొరికితే మీరూ అడుగుతారు.

క్యాజువాలిటీ_నైట్‌డ్యూటీ
నా తమ్ముడైతే నేనే పట్టిస్తాను. 32కీ 48కీ తేడా ఉందని మాత్రం ఒప్పుకుంటా.

పెందుర్తి_ఆటో
నా మాటా వినండి. చట్టంలో జరిమానా రాసేరు కదా, అది "పది వేల దాకా" కాదు, పది వేలు. బీచ్ రోడ్డులో పెద్ద కారోడికీ పది వేలే, నాకూ పది వేలే. ఆడికది ఒక రాత్రి హోటల్ బిల్లు. నాకు ఇంటద్దె, పిల్ల ఫీజు. షాపులో క్వార్టర్ 99కి అమ్ముతారు, తాగి పది అడుగులేస్తే పట్టుకుంటారు. తాగి నడపమని నేననట్లేదు, ఆటో ఎక్కేది మీ పిల్లలే. కానీ లాయరు పెట్టుకోండి అని సలహా ఇచ్చేవోళ్ళు లాయరు ఫీజెంతో కూడా చెప్పాల.

నల్లకోటు_విశాఖ
న్యాయమైన మాట అన్నా. అందుకే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, కోర్టు ఆవరణలోనే అడగండి. ఎస్సీలు, ఎస్టీలు, ఆడవాళ్ళు, కస్టడీలో ఉన్నవాళ్ళు, ఆదాయం తక్కువున్నవాళ్ళు, వీళ్ళకి లాయర్ని ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. దొంగతనం కేసుకే తప్ప తాగిన కేసుకి ఇవ్వరని కొందరనుకుంటారు, అదేమీ లేదు.

బీమా_బాబాయ్
ఎవరూ ముట్టుకోని సంగతి ఒకటుంది. తాగి గుద్దితే మీ బండి రిపేరుకి ఇన్సూరెన్సువాళ్ళు పైసా ఇవ్వరు. ఢిల్లీలో పోర్షే కారు కేసు, పెరల్ బెవరేజెస్‌ది, 2021లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి కంపెనీయే గెలిచింది. అక్కడ 30 మిల్లీగ్రాముల లెక్క తేలకపోయినా, తాగిన మత్తులో నడిపాడని మిగతా సాక్ష్యంతో తేల్చొచ్చన్నారు. కాబట్టి క్రిమినల్ కేసు కొట్టేయించుకున్నాం కదా, క్లెయిము వస్తుందిలే అనుకోవద్దు.

కంచరపాలెం_కిట్టు
బండి సంగతేంటండీ? కేసు తేలేదాకా ఇవ్వరా?

నల్లకోటు_విశాఖ
2021 నవంబరులో తెలంగాణ హైకోర్టు, ఇలాంటి కేసుల్లో బండిని ఉంచుకోకూడదు, తాగని మనిషి లైసెన్సుతో వస్తే ఇచ్చెయ్యాలి అంది. మన హైకోర్టు వేరు కాబట్టి అది ఇక్కడ ఆజ్ఞ కాదు, అయినా పట్టుకెళ్ళి చూపించొచ్చు. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, ఓనరు ఆధార్ తీసుకుని వెళ్ళండి.

సాగర్‌నగర్_శ్రీను
ఆమధ్య దొరికినోళ్ళ చేత కోర్టు బీచ్‌లో చెత్త ఏరించింది కదా. అదైతే నాకు నచ్చింది. జైలూ వద్దు, పది వేలూ వద్దు, ఆర్కే బీచ్‌లో ఆదివారం పొద్దున్న అందరూ చూస్తుండగా చీపురు పట్టిస్తే చాలు.

నల్లకోటు_విశాఖ
నాకూ నచ్చింది. సెక్షన్ 185లో మాత్రం సమాజ సేవ అనే శిక్ష లేదు. కొత్త న్యాయ సంహిత 355లో ఉంది, అది తాగి పబ్లిక్‌లో గొడవ చేసేవాళ్ళకి. దాన్ని నమ్ముకుని కోర్టుకెళ్ళకండి.

కంచరపాలెం_కిట్టు
లైసెన్సు ఆరు నెలలనేసరికి మావయ్యగారు కుర్చీలో కూలబడ్డారు. లాయర్ని చూస్తున్నాం. నేరుగా అడుగుతున్నా, 48 రీడింగ్‌తో ఏమొస్తుంది?

నల్లకోటు_విశాఖ
ముందు రీడింగ్ చీటీ, చార్జిషీటు కాపీ తీసుకోండి. చీటీ మీద టైము, మిషను నంబరు, మీవాడి సంతకం సరిగ్గా ఉన్నాయా, ఊదించే ముందు సున్నా చూపించారా, ఇవి చూడాలి. అన్నీ సరిగ్గా ఉంటే నేనైతే ఒప్పుకోమనే చెబుతా. అప్పుడు లాయరు పని జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టమని, మొదటిసారి అని, ఉద్యోగం కాగితాలు పెట్టి అడగడం. ఎక్కువ కేసులు అలాగే ముగుస్తాయి.

సాగర్‌నగర్_శ్రీను
అంటే లాయరుకీ ఇచ్చి, పది వేలూ కట్టి! నేను మొదట్లో చెప్పిందే కదా.

నల్లకోటు_విశాఖ
కాదు. మీరు చదవకుండా ఒప్పుకోమన్నారు. నేను చదివాక ఒప్పుకోమంటున్నా.

క్యాజువాలిటీ_నైట్‌డ్యూటీ
ఆ ఆరు నెలలూ సిటీ బస్సెక్కమనండి. మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా బస్సులున్నాయి.