చెస్ ఎదురుగా కూర్చుని ఆడితేనే స్నేహమా? ఫోన్‌లో ఆడితే కుదరదా?

వరండా_బంటు:
మా వీధిలో రిటైరైన పోస్టుమాస్టరు గారి వరండాలో రోజూ సాయంత్రం చెస్ నడిచేది. ఆడేది ఇద్దరు, మూగేది ఎనిమిది మంది. నల్ల ఏనుగు ఒకటి ఎక్కడో పోతే దాని గడిలో అగ్గిపెట్టె పెట్టేవాళ్లం. ఇప్పుడు అందరం ఫోన్లలో పడ్డాం. మూడు నిమిషాల ఆటలు రోజుకు ఇరవై ఆడుతున్నాను, ఒక్కరి పేరూ గుర్తుండదు. ఓడిపోతానని తెలియగానే అవతలివాడు ఎత్తు వేయకుండా టైమ్ అయిపోయేదాకా నానబెడతాడు. ఎదురుగా ఉంటే అలా చేయగలడా? ఆన్‌లైన్ సాధనకు సరే, స్నేహానికి పనికిరాదు.

డల్లాస్_అబ్బాయి:
ఒప్పుకోను అన్నా. నాన్న తెనాలిలో, నేను డల్లాస్‌లో. లిచెస్ అనే చెస్ సైట్‌లో ఎత్తుకు 3 రోజుల గడువు పెట్టుకుని ఆడతాం, పైసా ఖర్చు లేదు. ఇంతకుముందు మా ఫోన్ "తిన్నావా? వానలు పడుతున్నాయా?"తో అయిపోయేది. ఇప్పుడు నేను లేచేసరికి ఎత్తు వేసి ఉంటుంది, చాట్‌లో "మంత్రి జాగ్రత్త నాయనా" అని ఉంటుంది. మొన్న రెండు రోజులు ఎత్తు రాకపోతే అమ్మకు ఫోన్ చేశా. జ్వరమట. నాకు చెప్పొద్దన్నాడట.

సైలెంట్_క్వీన్:
వరండా ముచ్చట బాగుంది. అక్కడ మూగిన ఎనిమిది మందిలో ఆడపిల్లలు ఎందరండీ? చెస్ గ్రాండ్‌మాస్టర్ ద్రోణవల్లి హారిక పుట్టిన గుంటూరే మాది. అయినా మా అరుగు మీద నేను బోర్డు ముందు కూర్చుంటే వెనకున్నవాళ్లే నా ఎత్తులు చెప్పేసేవారు. ఫోన్‌లో నేనెవరో ఎవరికీ తెలీదు. నా ఆట నేను ఆడింది మొదట అక్కడే. (చాట్ మాత్రం ఆపేసుకున్నా, అందులో వచ్చే చెత్త వేరే కథ.)

మూల_శకటు:
2020లో దేశాల జట్లు ఆడిన ఆన్‌లైన్ చెస్ ఒలింపియాడ్ ఫైనల్ గుర్తుందా? మన ఆటగాళ్లు నిహాల్ సరీన్, దివ్య దేశ్‌ముఖ్‌లకు నెట్ పోయింది, చివరకు భారత్, రష్యాలను ఉమ్మడి విజేతలన్నారు. బల్ల మీద ఆటకు కరెంటు పోయినా కొవ్వొత్తి చాలు. ఇంకోటి, ముట్టుకున్న పావునే కదపాలన్న నియమం. పొరపాటున చెయ్యి పడ్డాక మనిషి మొహం మారిపోతుందే, అది చూడ్డానికే నేను టోర్నమెంట్లకు వెళ్తా! ఆట అయ్యాక ఇద్దరూ పావులు మళ్లీ పేర్చి "ఇక్కడ గుర్రం దూకించి ఉంటే?" అని వాదించుకుంటారు. ఫోన్‌లో తప్పొప్పులు కంప్యూటరే చెప్పేస్తుంది, అవతలి మనిషితో పనే లేదు.

వరండా_బంటు:
డల్లాస్ తమ్ముడూ, మీ నాన్నగారి సంగతి చదివాక నా పట్టు సగం సడలింది. కానీ మీరు ముందే తండ్రీకొడుకులు. ముక్కూమొహం తెలియనివాళ్ల మధ్య ఆ చనువు ఎలా పుడుతుందన్నదే నా ప్రశ్న. మేడమ్ గారూ, మీరడిగిన లెక్క సున్నా. పోస్టుమాస్టరు గారి మనవరాలు కిటికీలోంచి చూస్తుండేది. ఎవరం పిలవలేదు, అప్పుడు తట్టనే లేదు. ఈ ఆదివారం నుంచి మళ్లీ బోర్డు పెడదామనుకుంటున్నా.

సైలెంట్_క్వీన్:
పెట్టండి. మొదటి ఆటకు ఆ మనవరాలినే పిలవండి. పక్కనుంచి ఎత్తులు చెప్పేవాళ్లను మాత్రం ఇంటికి పంపండి. ఆ ఏనుగు కూడా ఒకటి కొనండి, పాపం.