‘క్లోమం ఇన్సులిన్‌ను స్రవిస్తుంది’ – ఈ వాక్యం సరేనా?

ప్రశ్న: మా అమ్మాయి సైన్స్ పాఠంలో ఇలా ఉంది. ‘స్రవించు’ అకర్మకం కదండీ! కన్నీరు స్రవిస్తుంది గానీ, కన్ను కన్నీటిని స్రవించదు. ‘స్రవింపజేస్తుంది’ అనాలేమో. అలా అంటే చేయించే కర్త ఎవరు?

జవాబు: వ్యాకరణం పెద్దలు తేలుస్తారు, నేను ఫిజియాలజీ చెప్పేవాణ్ణి. చేయించేది ఎవరంటే మాత్రం కాల్షియం అంటాను.

క్లోమంలోని బీటా కణంలో ఇన్సులిన్ ముందే తయారై, సన్నటి రేణువుల్లో నిండి ఉంటుంది. కణానికి సుమారు 10,000 రేణువులు. అన్నం తిన్నాక రక్తంలో పెరిగిన గ్లూకోజ్ కణంలోకి వెళ్లి ఖర్చవుతుంది, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు పెరుగుతుంది. దాంతో పొటాషియం బయటికి పోయే ద్వారాలు మూసుకుపోతాయి. కణపొర మీద విద్యుత్ తేడా తగ్గుతుంది, అది తగ్గగానే కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. కణం లోపలికన్నా బయట కాల్షియం గాఢత దాదాపు 10,000 రెట్లు ఎక్కువ. ఇక ఆగుతుందా, లోపలికి తోసుకొస్తుంది. ఆ కాల్షియం సైగతో పొర పక్కనే సిద్ధంగా ఉన్న రేణువులు పొరలో కలిసిపోయి ఇన్సులిన్‌ని బయటికి వదులుతాయి.

1966లో గ్రాడ్‌స్కీ, బెనెట్ అనే పరిశోధకులు విడిగా తీసిన ఎలుక క్లోమంలోకి కాల్షియం లేని ద్రవం పంపి చూశారు. గ్లూకోజ్ ఉన్నా ఇన్సులిన్ స్రావం జరగలేదు.

వచ్చిన కాల్షియం అక్కడే ఉండిపోకూడదు. పంపుల్లాంటి ప్రోటీన్లు దాన్ని కొంత బయటికి, కొంత కణం లోపల కాల్షియాన్ని దాచుకునే అంతర్జీవద్రవ్య జాలంలోకి తోడేస్తాయి. అందుకే లోపల కాల్షియం పెరుగుతూ తగ్గుతూ అలల్లా నడుస్తుంది, ఇన్సులిన్ కూడా విడతలు విడతలుగా వస్తుంది.

ఇంకొకరు: మరి గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుని తినకపోతే షుగర్ పడిపోతుందంటారే?

జవాబు: ఆ మాత్ర గ్లూకోజ్‌తో పని లేకుండానే పొటాషియం ద్వారాన్ని మూసేస్తుంది. తర్వాత కథంతా మామూలే. తిండి లేకపోయినా కాల్షియం లోపలికొస్తుంది, ఇన్సులిన్ బయటికొస్తుంది. మీ వ్యాకరణంలో చెప్పాలంటే ప్రేరణార్థకం మీద ఇంకో ప్రేరణార్థకం!

మరొకరు: ‘స్రవించు’ అకర్మకమన్న మాట నిజమే, కాకపోతే పాఠ్యపుస్తకాల్లో సకర్మకంగా పాతుకుపోయింది, ఇక పీకలేం. ‘ఇన్సులిన్ ఊరుతుంది’ అని మార్చుదామా?

జవాబు: వద్దండి. నోట్లో నీళ్లు ఊరినట్టు అప్పటికప్పుడు పుట్టుకొచ్చేది అనిపిస్తుంది. ఇది ముందే దాచిపెట్టిన సరుకు, సైగ అందాక బయటపడేది. ‘విడుదల చేస్తుంది’ అంటే అర్థమూ కుదురుతుంది, కర్మ విభక్తి గొడవా ఉండదు.