28 డిగ్రీల 7 ఐరన్: దూరం నిజమా, అంకె మార్చిన మాయా?

గండిపేట_గాలి:
గోల్ఫ్ క్లబ్బుల (బంతిని కొట్టే కర్రల) సెట్ మార్చాలనుకునే ప్రతివాళ్ళ దగ్గరా ఇదే పంచాయితీ. సిమ్యులేటర్‌లో కొత్త క్యావిటీ బ్యాక్ (తల వెనక గుల్ల చేసిన) 7 ఐరన్ (ఐరన్లలో అంకె చిన్నదైతే దూరం ఎక్కువ) పాతదానికంటే ఒక 15 గజాలు ఎక్కువ పోతుంది. షాపువాళ్ళు టెక్నాలజీ అంటారు. పాతకాపులేమో లాఫ్ట్ (బంతిని కొట్టే ముఖం వెనక్కి వాలిన కోణం) తగ్గించి అంకె మార్చారంతే అంటారు. డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) వేగం గంటకి 85-90 మైళ్ళు, హ్యాండీక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, తక్కువైతే మేలు) 16-20 మధ్య, ఆట ఎక్కువగా హైదరాబాద్‌లో నయా ఖిల్లా దగ్గర, అప్పుడప్పుడు గచ్చిబౌలిలో. ఇలాంటి ఆటగాడికి 28 డిగ్రీల 7 ఐరన్ లాభమా, 34 డిగ్రీలదా? దూరం, గురి, ఫీల్ మూడింటినీ కలిపి చెప్పండి. "ఏది నచ్చితే అది కొనుక్కో" అనే జవాబు మాత్రం వద్దు.

పాత_బ్లేడ్:
ముందు అంకె సంగతి తేల్చుకుందాం. 1980ల్లో 7 ఐరన్ అంటే 35-36 డిగ్రీలు, పొడవు 36.5 అంగుళాలు. టైట్లిస్ట్ కంపెనీ 620 ఎంబీ బ్లేడ్లలో (వెనక గుల్ల లేని పాత తరహా ఐరన్లలో) కూడా 7 ఐరన్ 35 డిగ్రీలే. టేలర్‌మేడ్ స్టెల్త్‌లో అదే 7 మీద 28 డిగ్రీలు. 620 ఎంబీలో 5 ఐరన్ ఎంతో తెలుసా? 27. అంటే మీ చేతిలో పెట్టింది ఇంచుమించు 5 ఐరన్, సోల్ (తల అడుగుభాగం) మీద మాత్రం 7 అని ఉంది. దానికి తోడు షాఫ్ట్ (కర్ర) అర అంగుళం పొడవు. ఆ 15 గజాలు ఎక్కడి నుంచి వచ్చాయో వేరే చెప్పాలా?

దూరం ఒక్కటే చూస్తే సరిపోదు. బంతి ఏ కోణంలో కిందికి దిగుతుందో చూడాలి. షాట్లు కొలిచే ట్రాక్‌మ్యాన్ సంస్థ గతంలో ఇచ్చిన పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్స్) సగటుల్లో 7 ఐరన్ క్లబ్ వేగం 90 మైళ్ళు, స్పిన్ నిమిషానికి 7,000 పైచిలుకు చుట్లు, క్యారీ (గాలిలో పోయే దూరం) 172 గజాలు, దిగే కోణం 50 డిగ్రీలు. మన ప్రశ్నలోని ఆటగాడి 7 ఐరన్ వేగం 72-75 మైళ్ళు. వేగం తక్కువైతే బంతి ఎత్తూ తక్కువే. అలాంటివాడి చేతికి లాఫ్ట్ కూడా తగ్గించి ఇస్తే ఏప్రిల్, మేలో ఎండకి బిగిసిపోయిన గ్రీన్ (జెండా ఉండే నున్నటి గడ్డి) మీద పడిన బంతి దాని వెనకవైపు దిగిపోయి ఆగుతుంది. 160 కొట్టి గ్రీన్ దాటడం కన్నా 145 కొట్టి జెండా పక్కన ఆపడం మేలు.

గోల్కొండ_గట్టినేల:
అన్నా, లాఫ్ట్ తగ్గించిన్రు, నేను కాదంటలేను. గానీ అదొక్కటే అంటే సగం ముచ్చట చెప్పినట్టే. ఆ 620 ఎంబీ 5 ఐరన్‌నూ, ఈ 28 డిగ్రీల 7 ఐరన్‌నూ 75 మైళ్ళ స్వింగోనికి ఇచ్చి చూడు. రెండిట్ల లాఫ్ట్ ఒక్కటే డిగ్రీ తేడా. బ్లేడ్ 5 ఐరన్ బంతి తొండలెక్క నేలబారున ఉరుకుతది. కొత్తది మంచిగనే లేస్తది. ఎందుకు? బరువంత సోల్‌ల, ముఖం అంచుల పొంటి పెట్టిన్రు. సెంటర్ ఆఫ్ గ్రావిటీ (సీజీ, బరువు కేంద్రం) కిందికి, ఎనుకకు పోయింది. మన అసుంటోళ్ళు బంతిని ముఖం మీద కిందనే తగిలిస్తరు, కిందినించి రెండు మూడో గీత కాడ. సీజీ గూడ కిందనే ఉంటే ఆ దెబ్బకు శక్తి పోదు, బంతి పైకి లేస్తది. లాఫ్ట్ తగ్గించింది గూడ అందుకే. సీజీ కిందికి దించి పాత లాఫ్టే ఉంచితే బంతి ఆకాశంలకు పోయి ఆడనే పడ్తది.

ఇంకోటి, ముఖం పల్చగ చేసిన్రు, వెనకాల ఖాళీ. నడుమ తగిలితే పెద్ద ఫరక్ లేదు. టో (తల బయటి కొస) దిక్కు అర అంగుళం తప్పినంక చూడు. బ్లేడ్ తల చేతిల తిరిగిపోతది, బంతి కుడికి పోతది, 15-20 గజాలు తక్కువ పడ్తది. అంచుల బరువున్న తల అంత తిరగది. ఈ ఉపాయం నిన్న మొన్నటిది గాదు. జనరల్ ఎలక్ట్రిక్‌ల ఇంజనీర్‌గ ఉన్న కార్‌స్టన్ సోల్హైమ్ 1959ల పింగ్ 1-ఎ పుటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్) చేసింది ఈ లెక్కతోనే. బరువు రెండు కొసలకు పెడితే తల మెలి తిరగదని. తర్వాత గదే ముచ్చట ఐరన్లకు తెచ్చి 1982ల ఐ2 తీసిండు. 18 హ్యాండీక్యాప్ ఉన్నోడు నడుమల ఎన్ని కొడ్తడు చెప్పు?

పాత_బ్లేడ్:
తల తిరగకపోవడం నిజమే, అది ఒప్పుకుంటాను. కానీ గురి అంటే ఎడమ కుడి ఒకటే కాదు, ముందు వెనక కూడా. పల్చటి ముఖంతో వచ్చే చిక్కు అక్కడే. ఒక షాట్ 155, దాని తర్వాతది 166, స్వింగ్‌లో తేడా ఏమీ తెలియదు. లాఫ్ట్ తగ్గడంతో స్పిన్ వెయ్యి, వెయ్యిన్నర పడిపోతుంది. దాని మీద తడి గడ్డి ముఖానికీ బంతికీ మధ్య చేరితే గ్రూవులు (ముఖం మీది గీతలు) పట్టవు, స్పిన్ ఇంకా పోతుంది, బంతి ఫ్లయర్ అయి (స్పిన్ లేక అనుకున్నదానికంటే దూరం ఎగిరి) గ్రీన్ మీదుగా వెళ్ళిపోతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా మన రఫ్‌లో (పొడుగు గడ్డిలో) పొద్దున్నే ఆడేవాళ్ళకి ఇది రోజువారీ వ్యవహారం. 34-35 డిగ్రీల క్లబ్‌కి కూడా ఫ్లయర్ వస్తుంది, కాకపోతే మొదలే స్పిన్ ఎక్కువ కాబట్టి కొంత మిగులుతుంది.

వైస్_బెంచ్:
ఇద్దరూ 7 ఐరన్ దగ్గరే ఆగిపోయారు. కొనేది సెట్ కదా. స్టెల్త్ లాఫ్ట్‌లు వరసగా చూడండి: 5 ఐరన్ 21.5, 6 ఐరన్ 24.5, 7 ఐరన్ 28, 8 ఐరన్ 32.5, 9 ఐరన్ 37.5, పిచింగ్ వెడ్జ్ (వెడ్జ్ అంటే దగ్గర షాట్లకి లాఫ్ట్ ఎక్కువున్న క్లబ్) 43. మీ బ్యాగులో పాత 56 డిగ్రీల సాండ్ వెడ్జ్ ఉంటే మధ్యలో 13 డిగ్రీల గొయ్యి. ఈ వేగానికి అది 30 గజాలు. మన కోర్సుల్లో రెండో షాట్ తర్వాత మిగిలేది సరిగ్గా ఆ 80-110 గజాలే. కాబట్టి 48-49 డిగ్రీల వెడ్జ్ తప్పనిసరి, దాని ఖర్చు కూడా సెట్ ధరలో కలుపుకోండి.

పైకొసన ఇంకో సమస్య. 21.5 డిగ్రీల 5 ఐరన్‌ని 75 మైళ్ళ వాడు లేపలేడు, సీజీ ఎంత కిందున్నా సరే. దాని దూరమూ 6 ఐరన్ దూరమూ ఒకటే అవుతాయి. అక్కడ హైబ్రిడ్ (వుడ్, ఐరన్ కలగలిపిన, బంతిని తేలిగ్గా లేపే క్లబ్) పెట్టుకోవాలి. 14 క్లబ్బుల పరిమితి ఉంది కదా, చోటు ఎలాగూ సరిపోతుంది: 6 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా ఐదు, మూడు వెడ్జ్‌లు, పుటర్, డ్రైవర్, పైన వుడ్లకీ హైబ్రిడ్లకీ నాలుగు.

సిమ్యులేటర్ అంకెల మీద కూడా ఒక మాట. మ్యాట్ మీద బంతికి రెండు అంగుళాల వెనక నేలని తాకినా సోల్ జారి బంతికి తగులుతుంది, స్క్రీన్ మీద మంచి షాట్ కనిపిస్తుంది. వెడల్పు సోల్ ఉన్న క్లబ్‌కి అక్కడ ఉచితంగా మార్కులు పడతాయి. రెండోది, ఎత్తు సెట్టింగ్. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల పైచిలుకు ఎత్తు. పల్చటి గాలివల్ల క్యారీ 2 శాతం దాకా పెరుగుతుంది, 150కి 3 గజాలు. ఒక చోట సెట్టింగ్ సున్నా మీద ఉండి, ఇంకోచోట సరిగ్గా ఉంటే రెండు షాపుల అంకెలు పోల్చడం దండగ.

ఇసుక_బంకర్:
ఫీల్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఫోర్జ్‌డ్ (కాల్చి సాగగొట్టి చేసినది) కొడితే వెన్నలా దిగుతుంది, కాస్ట్ (కరిగించి పోతపోసినది) కొడితే ఖణేల్మంటుంది. ఇది లెక్కల్లో దొరకదు.

వైస్_బెంచ్:
దొరుకుతుందండీ. బంతి ముఖాన్ని తాకి ఉండేది అర మిల్లీసెకను. కదలిక షాఫ్ట్ వెంట వచ్చి చేతికి, చేతినుంచి మెదడుకి చేరేలోపు బంతి ఎప్పుడో వెళ్ళిపోయి ఉంటుంది. మీరు ఫీల్ అంటున్నది ఆ తర్వాత మిగిలిన కంపనం, దానికంటే ఎక్కువగా చప్పుడు. ఆ పింగ్ 1-ఎ పుటర్ కొట్టినప్పుడు వచ్చిన "పింగ్" శబ్దమే కంపెనీ పేరైంది. అందుకే బోలు తలల లోపల పాలిమర్ నింపుతున్నారు. అది ముఖానికి ఆసరా ఇస్తుంది, చప్పుడునీ మింగేస్తుంది.

ఫోర్జింగ్‌కి వాడే 1020, 1025 కార్బన్ స్టీలు, కాస్టింగ్‌కి వాడే 17-4 స్టెయిన్‌లెస్ కంటే మెత్తన, నిజమే. కానీ బంతితో పోలిస్తే రెండూ బండరాళ్ళే. చేతికి తెలిసే తేడా లోహం మెత్తదనంది కాదు, దెబ్బ తగిలే చోట వెనకాల ఎంత మందం ఉందన్నదాన్ని బట్టి. బ్లేడ్‌లో అక్కడ దిమ్మలా ఉంటుంది, చప్పుడు తక్కువ స్థాయిలో పొట్టిగా వస్తుంది. అదే ఆకారంలో కాస్ట్ చేస్తే కళ్ళు మూసుకుని తేడా చెప్పడం కష్టం. ఈ ఫీల్ కోసం డబ్బు పెట్టేవాళ్ళు ముందు బంతి మార్చి చూడాలి. గట్టి సర్లిన్ కవర్ నుంచి మెత్తటి యూరెథేన్ కవర్‌కి మారితే వెడ్జ్‌తో, పుటర్‌తో తెలిసే తేడా ఏ స్టీలూ ఇవ్వదు.

చేతికి నిజంగా తెలిసేది ఇంకోటి ఉంది, స్వింగ్ వెయిట్, అంటే ఊపేటప్పుడు తల ఎంత బరువనిపిస్తుందన్నది. తలకి 2 గ్రాములు కలిపితే ఒక పాయింట్ పెరుగుతుంది, ఆ కొలతలో డీ2 కాస్తా డీ3. అర అంగుళం వెడల్పు సీసపు టేపు నాలుగు అంగుళాల ముక్క ఆ 2 గ్రాములు తూగుతుంది. పొడవు అర అంగుళం పెంచితే మూడు పాయింట్లు. గ్రిప్ 5 గ్రాములు బరువెక్కితే ఒక పాయింట్ తగ్గుతుంది. మన చెమటకి లావు గ్రిప్ వేయించుకుని "క్లబ్ తల ఎక్కడుందో తెలియట్లేదు" అనేవాళ్ళ బాధ ఇదే. రబ్బరు కాదు, పోయిన పాయింట్లు.

పాత_బ్లేడ్:
చప్పుడైతే మాత్రం, సమాచారం సమాచారమే కదా. బ్లేడ్‌తో టో మీద తగిలిందా, కింద తగిలిందా చూడకుండానే చెప్పొచ్చు. పాలిమర్ నింపిన తల అన్నిటికీ ఒకే "థప్" అంటుంది. తప్పు ఎక్కడుందో తెలియనివాడు దిద్దుకునేదెలా?

గోల్కొండ_గట్టినేల:
దానికి బ్లేడే ఎందుకన్నా? కాళ్ళకు కొట్టుకునే పౌడర్ స్ప్రే ముఖం మీద పల్చగ కొట్టు, బంతి ముద్ర పడ్తది. ఎడమకా కుడికా, కిందా మీదా, అంత కండ్లముందట ఉంటది. వందల రూపాయల్ల అయ్యే పనికి సెట్ మార్చుడెందుకు? ప్రాక్టీస్‌కు ఒక్క పాత బ్లేడ్ 7 ఐరన్ పెట్టుకో, కాదనను. పైసలు కట్టి ఆడే రౌండ్ల శిక్ష వద్దు.

గండిపేట_గాలి:
గురి అన్నప్పుడు లై యాంగిల్ (షాఫ్ట్ నేలతో చేసే కోణం) మాట ఎవరూ అనలేదు. బంతి ఎప్పుడూ కాస్త ఎడమకే పోయేవాళ్ళకి అది క్లబ్ తప్పా, స్వింగ్ తప్పా ఎలా తెలుస్తుంది? ఇంకొకటి, 28 డిగ్రీల కాస్ట్ సెట్ కొని 31కి వంచేస్తే ఇద్దరి మాటా నిలబడుతుంది కదా?

వైస్_బెంచ్:
లై పరీక్ష సులభం. వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి మీద ఒక మందపాటి గీత గీయండి. గీత నిలువుగా, క్లబ్ ముఖం వైపు ఉండేలా పెట్టి కొట్టండి. ముఖం మీద గీత అచ్చు పడుతుంది. గ్రూవులకి లంబంగా ఉంటే లై సరిపోయినట్టు. గీత పైకొస టో వైపు వాలితే దెబ్బ తగిలేటప్పుడు టో పైకి లేచింది, లై నిటారు ఎక్కువైంది, కుడిచేతి వాళ్ళకి బంతి ఎడమకి మొదలవుతుంది. హీల్ (షాఫ్ట్ వైపు కొస) వైపు వాలితే దానికి తిరగబడి. 7 ఐరన్‌లో ఒక డిగ్రీ లై తేడా ముఖాన్ని అర డిగ్రీకి పైగా పక్కకి చూపిస్తుంది. లాఫ్ట్ పెరిగేకొద్దీ ఇది ఎక్కువ, అందుకే లై సరిచేయడం వెడ్జ్‌ల నుంచి మొదలుపెట్టాలి. గీత నిలువుగా పడుతూ కూడా బంతి ఎడమకే పోతుంటే క్లబ్‌ని వదిలేసి స్వింగ్ చూసుకోవాలి.

ఆఫ్‌సెట్ కూడా ఒకసారి చూసుకోండి. ముఖం షాఫ్ట్ కంటే వెనకగా ఉన్న క్లబ్ స్లైస్ (బంతి కుడికి వంగే) వాళ్ళకి సాయం, ఇప్పటికే ఎడమకి కొట్టేవాళ్ళకి ఇంకో తోపు.

ఇక వంచడం. కాస్ట్ క్లబ్‌ని వంచలేరనేది పుకారు. పింగ్ కాస్ట్ ఐరన్లకే రంగు చుక్కలతో లై సైజులు ఇస్తుంది, నల్ల చుక్క అంటే స్టాండర్డ్. 17-4 స్టీలు బిరుసు కాబట్టి డిగ్రీ, మహా అయితే రెండు, బెంచ్ మీద వైస్‌లో బిగించి నెమ్మదిగా వంచాలి. మూడు డిగ్రీలంటే హోసెల్ (తలని షాఫ్ట్‌కి కలిపే మెడ) దగ్గర చిట్లే ప్రమాదం. చిట్లకపోయినా లాఫ్ట్ 3 డిగ్రీలు పెంచితే బౌన్స్ (సోల్ నేలవైపు వాలి ఉండే కోణం) కూడా 3 డిగ్రీలు పెరుగుతుంది, లీడింగ్ ఎడ్జ్ (ముఖం కింది అంచు) నేలనుంచి పైకి లేస్తుంది. వానాకాలంలో మెత్తటి నేలమీద అది తవ్వకుండా కాపాడుతుంది. మేలో గడ్డి పల్చబడి నేల పలకలా ఉన్నప్పుడు సోల్ ఎగిరి అంచు బంతి నడుముకి తగులుతుంది.

కాబట్టి 28ని 31 చేయడం కాదు, మొదలే 30-31 డిగ్రీల దగ్గర చేసిన క్యావిటీ బ్యాక్ వెతకండి, చాలా కంపెనీలకి ఉన్నాయి. బయట, ఒకే రకం బంతులతో, రెండు క్లబ్బులూ మార్చి మార్చి కొట్టండి. వరసగా ఒకదాంతోనే కొడితే ఒళ్ళు వేడెక్కాక పట్టుకున్నదే గెలుస్తుంది. ఒక్కో క్లబ్‌తో పది బంతుల్లో బాగా పోయిన మూడింటిని కాదు, బాగా చెడిన మూడింటిని రాసుకోండి. లాంచ్ మానిటర్ (బంతి గమనం కొలిచే పరికరం) ఉంటే దిగే కోణం 45కి తగ్గకూడదు.

ఇసుక_బంకర్:
కొన్నాక ఆ సెట్‌ని మధ్యాహ్నం కారు డిక్కీలో వదలొద్దని కూడా చెప్పండి. గ్రిప్ కింది టేపు జిగురు మెత్తబడి గ్రిప్ తిరుగుతుంది, ఫెరూల్ (హోసెల్ పైన ఉండే ప్లాస్టిక్ రింగు) పైకి జరుగుతుంది, తర్వాత "షాఫ్ట్ నాసిరకం" అంటారు.

గోల్కొండ_గట్టినేల:
30 డిగ్రీలంటే నాకు గూడ సమ్మతే. గానీ 49 వెడ్జ్ అక్కర్లేదు అప్పుడు, పిచింగ్ వెడ్జ్ 44-45 వస్తది. 50 పెట్టుకుంటే 56కు సరిపోతది.

పాత_బ్లేడ్:
30 కాదు, 32. మే నెల గ్రీన్ మీద చూపిస్తాను రండి.