జముకుల పాట మిక్స్ చేస్తే సినిమా పాటలా ఉందంటున్నారు, ఎందుకు?

పర్లాకిమిడి_మిక్సింగ్: జముకు (తీగ బిగిస్తూ వాయించే ఉత్తరాంధ్ర జానపద వాద్యం), తాళాలు, కథకుడికి వంత పాడే ఇద్దరు వంతలు. క్లిక్ (లయ కోసం చెవిలో వినిపించే టిక్‌టిక్) నిమిషానికి 104, గొంతుకి ఆటోట్యూన్ (శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్), మాస్టర్ (తుది మిక్స్) -8 ఎల్‌యూఎఫ్‌ఎస్ (మోత కొలత, సున్నాకి దగ్గరైనకొద్దీ మోత ఎక్కువ). విన్నవాళ్లు "మరీ కమర్షియల్‌గా ఉంది" అంటున్నారు. తేడా ఎక్కడ?

రాయగడ_సౌండ్: ముందు ఆ -8 తగ్గించండి గురూ. యూట్యూబ్ ఎలాగూ -14 దగ్గరికి దించేస్తుంది. అంటే మోత పెరగదు, లిమిటర్ (హద్దు దాటే పెద్ద శబ్దాలను నొక్కేసేది) చావగొట్టిన దెబ్బలు మాత్రం మిగులుతాయి. లిమిటర్ 2-3 డెసిబెల్స్ మించి నొక్కకూడదు, పీక్ (శబ్దం గరిష్ఠంగా చేరే చోటు) -1 డెసిబెల్ దాటకూడదు. పెళ్లి ఊరేగింపు డీజేకైతే వేరే మాట.

తాళం_తప్పినోడు: మోత సంగతి సరే, అసలు దోషి క్లిక్. కథకుడు వచనంలోంచి పాటలోకి దిగేటప్పుడు నడక కొంచెం పరుగెత్తుతుంది, వంతలు "తందాన" అందుకోగానే ఇంకాస్త. 104 దగ్గర కట్టేస్తే ఆ ఊపే పోతుంది. క్లిక్ తీసేసి అందరినీ ఒకే గదిలో పాడించండి. టెంపో మ్యాప్ (నడక ఎక్కడెంత మారిందో చూపే పటం) కావాలంటే తర్వాత గీసుకోవచ్చు. ఆటోట్యూన్‌లో రీట్యూన్ స్పీడ్ (శ్రుతిని ఎంత త్వరగా దిద్దాలో చెప్పేది, 0 అంటే వెంటనే) 0లో ఉందేమో చూడండి, గమకం మెట్లుమెట్లుగా విరిగిపోతుంది. 50కి పెంచండి. ఇంకా మంచిది, తప్పిన అక్షరం ఒక్కటే చేత్తో సరిచేయడం.

రాయగడ_సౌండ్: ఒప్పుకుంటా. జముకు కింద సింథ్ బేస్ (సింథసైజర్‌తో చేసిన మంద్ర స్వరం) వేశారా? వేస్తే తీసేయండి. జముకు తీగ బిగించినకొద్దీ శ్రుతి మారుతూ ఉంటుంది, కదలని బేస్ స్వరం దాంతో కొట్టుకుంటుంది. మైకు జముకు నోటికి ఎదురుగా కాదు, పక్కగా అడుగు దూరంలో.

పర్లాకిమిడి_మిక్సింగ్: బేస్ ఉంది! తీసేసి మళ్లీ వింటాను.