కొత్త మెనూతో పాటు పాతదాన్నీ ఉంచాలా?

ప్రశ్న:
గుంటూరు మిర్చి యార్డులోని కొన్ని కమీషన్ దుకాణాలకు మేము లెక్కల సాఫ్ట్‌వేర్ తయారుచేసి ఇస్తున్నాము. ఇన్నేళ్లుగా తెర పైభాగాన ఉన్న మెనూలను గత నెలలో తీసివేసి, ఎడమవైపు బొమ్మలతో కూడిన పట్టీ పెట్టాము. కొత్త కుర్రవాళ్లకు అది నచ్చింది. కానీ ఒక చేత్తో కాటా చీటీలు తిరగేస్తూ, తెర వైపు చూడకుండానే ఆల్ట్ కీతో టిక్కీల (మిర్చి బస్తాల) బరువులు ఎక్కించే పాత గుమాస్తాలు మాత్రం సీజన్ మధ్యలో ఇదేం పని అని నిలదీస్తున్నారు. పాత మెనూకు వెళ్లే వీలు కల్పిస్తే, రెండింటినీ ఎన్నాళ్లు మోయవలసి వస్తుందోనన్నది మా భయం.

మొదటి సమాధానం:
మీ గుమాస్తాలకు కావలసింది పాత మెనూనా, వేళ్లకు అలవాటైన కీల వరుసా అన్నది ముందు తేల్చుకోండి. ఆఫీస్ 2007లో మైక్రోసాఫ్ట్ మెనూల స్థానంలో రిబ్బన్ అనే ట్యాబ్‌ల పట్టీ తెచ్చినప్పుడు వర్డ్, ఎక్సెల్‌లలో పాత మెనూకు దారి మూసేసినా, 2003 నాటి ఆల్ట్ వరుసలను చాలావరకు పనిచేయనిచ్చింది. ఎడిట్ మెనూ కనుమరుగై ఇంతకాలమైనా, ఎక్సెల్‌లో ఆల్ట్, ఈ, ఎస్ వరుసగా నొక్కితే పేస్ట్ స్పెషల్ నేటికీ తెరుచుకుంటుంది. మీరూ ఆ పని చేస్తే సగం ఫిర్యాదులు తగ్గుతాయని నా అంచనా.

రెండవ సమాధానం:
మౌస్‌తో పనిచేసేవారి సంగతేమిటి? ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్ 2019లో 6.2 విడుదలతో ట్యాబ్‌ల పట్టీని అందించినా, పాత మెనూలనే యథాస్థానంలో ఉంచి, కావలసినవారు వ్యూ మెనూ నుంచి కొత్తదానికి మారే ఏర్పాటు చేసింది. ప్రతి ఆదేశాన్నీ ఒకేచోట రాసి, రెండు మెనూలూ దాన్నే పిలిచేలా అమర్చుకుంటే మీకు పెద్ద భారమేమీ ఉండదు. ఎంపికను మాత్రం కంప్యూటర్‌కు కాక లాగిన్‌కు ముడిపెట్టండి. ఒకే కంప్యూటర్‌పై పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు కూర్చునే దుకాణాలు మీవి. వికీపీడియాలో ఖాతా ఉన్నవారు 2022 వెక్టర్ అనే కొత్త పేజీ రూపం వద్దనుకుంటే అభిరుచులలోకి వెళ్లి 2010 నాటి రూపాన్ని ఎంచుకోగలగడం ఇలాంటిదే.

మూడవ సమాధానం:
పాత మెనూను గడువు లేకుండా ఇవ్వకండి. లినక్స్ డెస్క్‌టాప్ అయిన గ్నోమ్ 3తో 2011లో వచ్చిన, పాత తరహా తెరను చూపే ఫాల్‌బ్యాక్ మోడ్ నిజానికి త్రీడీ సామర్థ్యం లేని కంప్యూటర్ల కోసం ఉద్దేశించినదైనా, పాత పద్ధతి కావలసినవారూ దాన్నే ఆశ్రయించారు, 2013లో 3.8 వచ్చేసరికి దాన్ని తొలగించారు. తయారుచేసేవారే రోజూ వాడని మెనూలో తప్పులు ఎవరి కంటా పడవు, ఫోన్లు మాత్రం మీకే వస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. పాత ఆల్ట్ వరుసలను ఈ వారమే తిరిగి కలుపుతున్నాము. యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేవరకు పాత మెనూయే ముందుగా తెరుచుకుంటుంది. ఆ తరువాత ఎవరి లాగిన్‌లో వారు ఎంచుకోవచ్చు. గడువు సంగతి గుమాస్తాలతో కూర్చుని మాట్లాడాకే నిర్ణయిస్తాము.